నేను కనిపెట్టిన నీళ్లు

ఏళ్ల తరబడి మా అక్క మొగుణ్ణి ఒకే ప్రశ్న అడుగుతున్నాను. పెళ్లిళ్లలో అడిగితే నా విస్తట్లో ఇంకో గరిటె బగారన్నం వేయిస్తాడు. ఫోనులో అడిగితే సిగ్నల్ లేదంటాడు. బాన్సువాడ నడిబజారులో నా పరువు ఎలా తడిసి ముద్దయిందో చెబుతాను, మీరే తీర్పు చెప్పండి.

అప్పుడు నేను హైదరాబాదులో పీహెచ్‌డీలో కొత్తగా చేరాను. వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల గాలిలో ఏముందో పరిశోధిస్తానన్నాను. మా గైడు కళ్లజోడు మీంచి చూసి, "సూర్యుణ్ణి తీసుకోవయ్యా. పెద్దగా ఉంటాడు, రోజూ దొరుకుతాడు" అన్నారు. ఆ మాట నేను మరిచిపోయాననుకుంటున్నారేమో! వానాకాలం పోయేలోగా ఏదైనా చూపించాలి, లేకపోతే సూర్యుడే గతి అని గడువు కూడా పెట్టారు.

గ్రహం తన నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు, ఆ వెలుగు కొంత గ్రహం గాలిలోంచి వస్తుంది. ఏ రంగులు తగ్గాయో చూస్తే ఆ గాలిలో ఏముందో తెలుస్తుంది. మబ్బుల సందున టెలిస్కోపుకు దొరికిన కాస్త వెలుగును పరీక్షిస్తే నీటి ఆవిరి! అదీ ధారాళంగా! సూర్యుణ్ణి అంటగట్టబోయిన మనిషికి ముందుగా ఎందుకు చెప్పాలి? బావకు ఫోన్ చేశాను.

"బావా, వేరే గ్రహం మీద నీళ్లు దొరికినయ్!"

"నిజమా బామ్మర్ది! బోరా, కాలువా?"

"ఆవిరి."

"ఏదైతేంది! గక్కడ వరి ఏస్తరా, చెరుకా?"

బావకు బస్టాండు దగ్గర ఎరువుల దుకాణం. ఆయనకు చెబితే పిట్లం, బిచ్కుంద బస్సులన్నిటికీ చెప్పినట్టే. వారం తిరగకముందే దుకాణం ముందు లారీ అంత ఫ్లెక్సీ లేచింది. పెళ్లిచూపుల కోసం తీయించుకున్న నా ఫోటో, కింద "పరాయి లోకంలో నీళ్లు కనిపెట్టిన బాన్సువాడ బిడ్డ". నన్ను ఊరికి పిలిపించి శాలువా కప్పారు. మైకు కిరాయికిచ్చినాయన వైరు చుట్టుకునేదాకా మాట్లాడాను.

తిరిగి హైదరాబాదు వెళ్లి కాగితాలు గైడు ముందు పెట్టాను.

"గ్రహం అడ్డం లేనప్పుడు తీసిన వెలుగులో చూశావా?"

"అవసరం లేదనుకున్నాను సార్."

"చూడు."

చూశాను. అందులోనూ అన్నే నీళ్లు.

"ఎంత దూరపు వెలుగైనా చివరికి మన గాలిలోంచే రావాలి గదయ్యా. నువ్వు కనిపెట్టింది మన వానాకాలం."

"అయితే... సూర్యుడేనా సార్?"

"ఇన్ని నీళ్లు పట్టుకొచ్చావు, ముందు వాటిని తీసెయ్యడం నేర్చుకో. తర్వాత గ్రహం సంగతి చూద్దాం."

అలా తల దించుకునే ఈ పరిశోధనలోకి వచ్చాను. మన గాలిని లెక్కలోంచి తీసెయ్యడమే ఇప్పటికీ నా పని.

కానీ ఊళ్లో ఫ్లెక్సీ ఉంది కదా! వరికోతలప్పుడు దాన్ని దించేద్దామని వెళ్లాను. ఎవరి కంటా పడకుండా తలమీద శాలువా కప్పుకున్నాను. అది సన్మానం శాలువా అని బస్టాండంతా గుర్తుపట్టింది. వాన దంచుతోంది. ఫ్లెక్సీ దుకాణం ముందు లేదు. రోడ్డు మీద ఆరబోసిన బావ వడ్ల మీద పరిచి ఉంది. నా ముఖం ఆకాశం వైపు, నోటి దగ్గర గుంటపడి నిండా నీళ్లు.

"బావా, నేను కనిపెట్టింది గీ వాననే" అన్నాను, చచ్చేంత సిగ్గుతో.

బావ పైకి చూశాడు, నన్ను చూశాడు. "గీ వానను సూడనీకి గంత దూరం సూసినవా బామ్మర్ది? ఫోన్ జేస్తే నేనే జెప్తుంటి గద!"

ఇకమీదట తడి తువ్వాలును చేత్తో పిండినా సరే, అది తడిసిందని గైడు సంతకం లేకుండా ఎవరికీ చెప్పనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను.

నా వంతు అయిపోయింది. బావా, ఇప్పుడు నువ్వు చెప్పు. బోర్లా పరిచినా వడ్లు తడవవు కదా, నా ముఖం పైకే ఎందుకు పెట్టావు? ఈసారి బగారన్నం వద్దు. జవాబు కావాలి.