పెద్దదిక్కుకు పదిహేను రోజుల సెలవు

పార్సిల్ కంపెనీలో అందరూ అతన్ని పెద్దదిక్కు అనేవారు. "బెల్టు ఆగింది, పెద్దదిక్కుకి ఫోన్ కొట్టు" అంటే కింద గోదాములో లోడర్లకీ, పైన అకౌంట్స్ వాళ్లకీ ఎవరికి కొట్టాలో తెలిసిపోయేది. ఇరవై రెండేళ్లుగా ఆ కంపెనీ కంప్యూటర్లన్నీ అతని చేతి మీదే నడిచాయి. స్నానానికి వెళ్తే ఫోన్‌ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి తీసుకెళ్లేవాడు. తండ్రి ప్రాణం పోతున్నప్పుడు ఆసుపత్రి మెట్ల మీద నిలబడి "ముందు ఎడమవైపు మిషన్ ఆపు, తర్వాత రెండోది" అని ఎవరికో చెబుతున్నాడు. లోపలికి వచ్చేసరికి నర్సు దుప్పటి ముఖం మీదికి లాగుతోంది. ఆ రోజు పార్సిళ్లు మాత్రం వేళకే వెళ్లాయి.

కంపెనీలో కంప్యూటర్ వ్యవహారాలన్నిటికీ పైన ఒక కుర్చీ ఉంది. సీఐఓ అంటారు. అందులో కూర్చున్న పెద్దమనిషి రిటైర్ కాబోతున్నాడు. పెద్దదిక్కుకి యాభై రెండేళ్లు. ఈసారి తప్పితే ఇక ఆ కుర్చీ మీద ఆశ వదులుకోవాల్సిందే.

కంపెనీ పెట్టినాయన కూతురే ఇప్పుడు ఎండీ. ఆమె బడికి వెళ్లే రోజుల్లో ఇంట్లో కంప్యూటర్ పాడైతే బాగుచేసింది ఇతనే. అప్పటి పిలుపే ఇప్పటికీ.

"కుర్చీ మీదే అంకుల్. కాకపోతే బోర్డు వాళ్లు ఒప్పుకోవాలిగా. కాస్త మెరుగు పెట్టించుకుని రండి" అని ఒక శిక్షణ తరగతికి పంపింది.

తరగతి శనివారాలు, ఒక హోటల్ వెనక కిటికీల్లేని గదిలో. తల నెరిసిన ఎనిమిది మంది బడిపిల్లల్లా వరసగా కూర్చునేవారు. చెప్పేవాణ్ణి గురువుగారు అనేవారు. ఆయన మూడు కంపెనీల్లో సీఐఓగా చేశాడు. మూడింట్లోంచీ ఎందుకు బయటికొచ్చాడో ఎప్పుడూ చెప్పలేదు. ఆయన ముందు బల్ల మీద రిసెప్షన్‌లో నొక్కే గంట లాంటిది ఒకటుండేది. ఎవరి నోట సాంకేతిక మాట వచ్చినా దాన్ని నొక్కేవాడు.

"మీ కంపెనీకి కొత్త మిషన్లు కావాలి. నేను బోర్డుని. అడగండి."

"సర్వర్లు పాతబడి..." అన్నాడు పెద్దదిక్కు.

టింగ్.

"డేటాబేస్ మీద లోడు..."

టింగ్, టింగ్.

"ఆ మాటలు లేకుండా ఎలా చెప్పమంటారండీ?"

"పార్సిల్ ఆలస్యమైతే కస్టమర్ పక్క కంపెనీకి పోతాడని చెప్పండి. మెకానిక్కులా మాట్లాడితే మీ చేతికి స్పానర్ ఇస్తారు, కుర్చీ ఇవ్వరు."

మిగతా ఏడుగురూ నవ్వారు. తమ వంతు ఇంకా రాలేదు కాబట్టి నవ్వారు. సరిగ్గా చెప్పేదాకా అతన్ని కూర్చోనివ్వలేదు. కాఫీ విరామంలో కూడా నిలబడే ఉన్నాడు.

చివరి వరసలో బ్యాంకు నుంచి వచ్చినతను ఒకడుండేవాడు. కోర్సు మొత్తంలో అతనికి ఒక్కసారీ గంట మోగలేదు. గురువుగారు అతన్ని చూపించి "చూసి నేర్చుకోండి" అనేవాడు. నిజానికి అతనికి ఆ మాటలు రావు.

నాలుగో శనివారం గురువుగారు పెద్దదిక్కు ఫోన్ వైపు చూపించాడు.

"మీరు అది ఎత్తకపోతే ఏమవుతుంది?"

"మొత్తం ఆగిపోతుందండీ." ఆ మాట అనేటప్పుడు అతని ఛాతీ కొంచెం పొంగింది.

"మరి మిమ్మల్ని అక్కణ్ణుంచి ఎవడు కదుపుతాడు? పునాది రాయి బాగుందని తీసి మేడ మీద పెట్టుకుంటారా ఎవరైనా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎనిమిది మందీ అలాంటి రాళ్లే, బ్యాంకతను తప్ప.

గురువుగారు పని పెట్టాడు. మూడు నెలల్లో మీ కింద మనిషికి మీకు తెలిసిందంతా నేర్పండి. తర్వాత పదిహేను రోజులు సెలవు పెట్టండి. ఫోన్ నా సొరుగులో ఉంటుంది. మీరు లేకుండా కంపెనీ నడిస్తే మీరు పాసైనట్టు.

కింద మనిషి అంటే ఏడేళ్లుగా అతని దగ్గర పనిచేస్తున్న డిప్యూటీ. మాట తక్కువ మనిషి. ఆమె పాస్‌వర్డ్ అడిగినప్పుడల్లా ఇతను "నేనున్నాగా" అని పంపేసేవాడు. ఇప్పుడు ఒక్కొక్కటీ చెబుతుంటే పన్ను పీకించుకుంటున్నట్టుండేది. ఆ కసి ఆమె మీదే తీర్చుకునేవాడు.

"ఇది కూడా తెలీదా? ఏడేళ్లూ ఏం చేశావమ్మా ఇక్కడ?"

"మీరున్నారుగా సార్" అందామె, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా.

అన్నీ నేర్పాడు. ఒక్కటి దాచాడు. నెల మారిన ఉదయం పాత రేట్ల పట్టికా కొత్తదీ ఒకదాని మీద ఒకటి పడి లేబుళ్లు కొట్టే ప్రింటర్లన్నీ బిగుసుకుపోయేవి. ముందు ఏది ఆపాలో, తర్వాత ఏది లేపాలో అతనికి తప్ప ఎవరికీ తెలియదు. అదొక్కటే చెప్పలేదు. ఆ ఉదయం మధ్యలో పడేలా సెలవు రోజులు ఎంచుకున్నాడు. ప్రింటర్లు ఆగుతాయి. ఊపిరాడక తనకే ఫోన్ చేస్తారు. ఒక గంట ఏడిపించి వెళ్లి బాగుచేస్తాడు. తన విలువ బోర్డుకీ తెలిసొస్తుంది, కుర్చీకి కుర్చీ దక్కుతుంది. అదీ లెక్క.

ఆ ఉదయం తెల్లారగానే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, టిఫిన్ బల్ల దగ్గర కూర్చున్నాడు. భార్య ఫోన్ తెచ్చి ఎదురుగా పెట్టుకున్నాడు. ఆఫీసులో ఆ నంబర్ కూడా ఇచ్చి వచ్చాడు.

"అది నా ఫోనండీ. దాన్నలా గుడ్లప్పగించి చూస్తే పాలవాడు తప్ప ఎవడూ చెయ్యడు" అంది భార్య.

"ఇవాళ చేస్తారు. చూస్తూ ఉండు."

"సెలవులో ఎక్కడికీ వద్దన్నది ఇందుకేనా? చొక్కా నలక్కుండా కూర్చోండి మరి."

మధ్యాహ్నం అయింది. ఒకసారి మోగింది. ఆమె చెల్లెలు. అతను లేచి చొక్కా విప్పి కుర్చీకి వేశాడు.

సెలవు తీరాక ఆఫీసుకి వెళ్తే అతని బల్ల మీద దుమ్ము కూడా లేదు. ఎవరో వాడుతున్నారు. డిప్యూటీని పక్కకి పిలిచాడు.

"ఒకటో తారీఖున ఏమైనా అయిందా?"

"ప్రింటర్లు ఆగాయి సార్. కాసేపే. రేట్ల పట్టికలు రెండూ ఢీకొంటున్నాయి. ఇక ఢీకొనకుండా మార్చేశాను. వచ్చే నెల నుంచి ఎవరూ చూడక్కర్లేదు."

ఇన్నేళ్లూ అతను ప్రతి నెలా చేస్తూ వచ్చిన పని అవసరమే లేకుండా చేసిందామె.

"ఇంత పెద్ద విషయం సార్ ఎందుకు చెప్పలేదని ఎండీ గారు అడిగారు" అందామె గొంతు తగ్గించి. "మర్చిపోయి ఉంటారని చెప్పాను. ఇంకోలా చెబితే మీకు బాగుండదు కదా సార్."

అప్పుడు మాత్రం అతని కళ్లలోకి సూటిగా చూసింది.

ఎండీ ఆ సాయంత్రమే పిలిచి, తనే మంచినీళ్లు పోసి ఇచ్చింది.

"పాసయ్యారు అంకుల్. పదిహేను రోజులు, ఒక్క పార్సిల్ ఆగలేదు. నాన్నగారి హయాంలో అయితే ఊహించగలమా?"

"థాంక్సమ్మా."

"కాకపోతే ఈ మధ్య మీరు మర్చిపోతున్నారట. ఆ ప్రింటర్ల సంగతి విన్నాను. ఈ వయసులో సహజమే, తప్పుపట్టడం లేదు. కానీ ఆ కుర్చీలో అలా మర్చిపోతే కష్టం కదా."

అతను నోరు తెరిచాడు. మర్చిపోలేదని చెప్పాలంటే దాచానని చెప్పాలి. గ్లాసు ఎత్తి నీళ్లు తాగాడు.

"గురువుగారు బ్యాంకు నుంచి ఒకాయన్ని సూచించారు. బోర్డుకి బాగా నచ్చాడు. ఏం చెప్పినా చక్కగా అర్థమవుతోందట. మీ పాత పనంతా ఆ అమ్మాయి చూసుకుంటోంది. ఇక మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం మాకే బాగుండదు." లిఫ్టు దాకా వచ్చి సాగనంపింది.

ఫోన్ తెచ్చుకోవడానికి హోటల్‌కి వెళ్లాడు. గురువుగారు సొరుగు తీసి ఇచ్చాడు. పూర్తిగా ఛార్జి చేసి ఉంది. ఒక్క మిస్డ్ కాల్ లేదు.

"ఖాళీగానే ఉన్నారుగా. కొత్త బ్యాచ్ మొదలవుతోంది. నా పక్కన కూర్చోండి. గంట నొక్కడానికి చెయ్యి నొప్పెడుతోంది" అన్నాడు గురువుగారు.

ఇప్పుడు శనివారాలు అతనే నొక్కుతాడు. గురువుగారికంటే గట్టిగా నొక్కుతాడని పేరు. తల నెరిసినవాళ్లు నిలబడి తడబడుతుంటే "మీరు లేకపోయినా నడవాలి. నడిపించి చూపించండి" అంటాడు.

పోయిన వారం ఒక ఆసుపత్రి కంప్యూటర్ల పెద్ద, కొత్తగా చేరినామె, మర్యాదగానే అడిగింది.

"మీరు ఏ కంపెనీలో సీఐఓగా చేశారండీ?"

ఆ ప్రశ్నలో సాంకేతిక మాట ఒక్కటీ లేదు. గంట నొక్కి, ఆమెను నిలబడమన్నాడు.