వసూలుకొచ్చిన పెదనాన్న

ఆ రోజుల్లో మావాళ్లకి పరదేశం పోవాలంటే ఓడ ఎక్కనక్కర్లేదు, చీపురుపల్లిలో రైలెక్కి కొత్తవలసలో దిగితే చాలు. కొత్త లైను పనుల్లో నాకు కూలి దొరికిందని స్టేషన్లో మా అమ్మ ఏడ్చిన ఏడుపు చూసి, పక్కవాళ్లు నేను రంగూన్ పోతున్నాననుకున్నారు. నాకు మాత్రం లోపల్లోపల పండగే. ఆరో తరగతిలో బడి మానేసిన నాకు భూగోళం ఎంత బాగా వచ్చంటే, పొందూరు కొట్లో వాయిదాల మీద తీసుకున్న సన్న ఖద్దరు పంచె, లాల్చీల బాకీ కొత్తవలస దాకా రాలేదని నమ్మేటంత. (బాకీకి టిక్కెట్టు ఎవడిస్తాడు?)

ఆ కొట్టు తరఫున వసూళ్లకి తిరిగే మనిషిని అందరూ గొడుగాయన అనేవారు. అంతటి పనివాణ్ణి నేను మళ్లీ చూడలేదు. అరవడు, తిట్టడు, అసలు డబ్బు మాటే ఎత్తడు. బాకీదారు అరుగు మీద గొడుగు ఆనించుకుని కూర్చుని, దారిన పోయేవాళ్లనల్లా పిలిచి, "ఈ ఇంటి బాబు సానా మంచోడు, మాటిచ్చాడంటే తప్పడు" అని మెచ్చుకునేవాడు. తిట్లకైతే చెవులు మూసుకోవచ్చు, మెప్పుకి ఎక్కడ దాక్కుంటాం? మధ్యాహ్నానికల్లా ఇంటాయనే డబ్బు తెచ్చి చేతిలో పెట్టేవాడు.

కొత్తవలసలో మా పనులు చూసే మేస్త్రీ తన కూతుర్ని నాకిస్తానన్నాడు. ఆ పిల్ల నవ్వు కోసమే నేను పనికి అందరికంటే ముందు వెళ్లేవాణ్ణి. కాకపోతే తాంబూలం అందుకోవడానికి నా తరఫున ఓ పెద్ద ఉండాలి. నాన్న లేడు, అమ్మ తరఫున వచ్చే మగదిక్కూ లేదు. మేస్త్రీ నా గుమ్మంలో నిలబడి ఆ మాటే అడుగుతుంటే, సందు మలుపులో గొడుగు కనిపించింది. నోరు తెరిచాడంటే సంబంధం పోయినట్టే. బుర్ర పనిచేసేలోపే నోరు పనిచేసింది.

"రా పెదనాన్నా, రా!"

మేస్త్రీ మొహం వెలిగిపోయింది. "ఇంకేటి, పెద్దోరు దిగారు కదా, రేపే తాంబూలాలు" అని వెళ్లిపోయాడు.

"ఒరే, నాను నీకు పెదనాన్నని ఎప్పుడయ్యానురా?" అన్నాడు గొడుగాయన.

"ఇప్పుడే. కాళ్లు కడుక్కో, అన్నం తిందువు గాని."

"పెట్టు. తిన్నాక కూడా నాను నానే," అన్నాడు నింపాదిగా.

మర్నాడు మేస్త్రీ ఇంటికి నాకున్న ఒక్క మంచి జతా కట్టుకుని వెళ్లాను. ఏ జతో మీకు చెప్పాలా? గొడుగాయన పంచె అంచు రెండు వేళ్లతో నలిపి, "రంగు కూడా పోనేదు" అని మురిసిపోయాడు. మేస్త్రీ తాంబూలం ఆయన చేతిలో పెట్టి, "గుంటడి బట్ట బాగున్నాది. నువ్వే కొనిచ్చావేటి బావా?" అన్నాడు.

గొడుగాయన తాంబూలం వైపు చూశాడు, నా వైపు చూశాడు. "తాంబూలం సేత పట్టుకుని అబద్దం ఆడనేను బావా. నాను పెదనాన్నని కాను. ఈ బట్ట బాకీ వసూలుకొచ్చాను."

మేస్త్రీ కళ్లు ఎర్రబడ్డాయి. "అయితే ఈడు ఎగ్గొట్టి పారొచ్చినోడా?"

"ఎగ్గొట్టేవోడి కోసం నాను రైలు సార్జీ ఎట్టుకుని వస్తానా? ఇత్తాడనే వచ్చాను. గుంటడు మంచోడు బావా, మాటిచ్చాడంటే తప్పడు."

తలుపు వెనక ఆ పిల్ల గాజులు గలగలమన్నాయి, నవ్వు ఆపుకోలేక. మేస్త్రీ కాసేపు మీసం దువ్వుకుని, "అప్పిచ్చినోడే మంచోడంటే ఇంక నానెవుల్ని అడగాలి?" అని తానూ నవ్వేశాడు. నేను నా గదికి పరుగెత్తి, ఆ వారం కూలి మొత్తం తెచ్చి పళ్లెంలో పెట్టాను. గొడుగాయన దాన్ని రొంటిన దోపుకుని, తాంబూలం మాత్రం పెదనాన్నలాగే కళ్లకద్దుకున్నాడు.

ఆ పంచె ఎప్పుడో చిరిగి దీపాల వత్తులైపోయింది. బాకీ కూడా ఆ ఏడే తీరిపోయింది. ఇప్పటికీ నేనేదైనా మాటిచ్చి నసిగితే చాలు, వంటింట్లోంచి అదే నవ్వు వినిపిస్తుంది: "మంచోడని గొడుగాయన సెప్పాడు మరి!" నోరు మూసుకుని లేచి చెప్పులేసుకుంటాను. బట్టకి కట్టాల్సింది కట్టేశాను గానీ, ఆ మెప్పుకి ఇంకా వాయిదాలు కడుతూనే ఉన్నాను.