పాలు పొంగిన ఫొటో

గెలిచేశాను! లాయరు లేడు, పక్కన తోడు లేదు. మా వంశంలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటిదాన్ని, సింగపూర్ కోర్టులో నా నోటితో నేనే వాదించుకుని గెలిచాను!

అప్పట్లో నేను సైన్స్ పార్క్‌లో ఒక వైద్య పరికరాల కంపెనీలో సీనియర్ క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ని. ఇప్పుడు రిటైరయ్యాను. వచ్చిన ప్రతి భాగాన్నీ లెన్సు కింద చూసి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, తేదీ వేసి, ఆ తర్వాతే సంతకం పెట్టడం నా పని. సన్నని గీత కనిపించినా ఎర్ర చీటీ అంటించి వెనక్కి పంపేదాన్ని.

సెంగ్‌కాంగ్‌లో అద్దె ఫ్లాటు తాళాలు అందుకున్న రోజు మాత్రం ఆ పని చెయ్యలేదు. ముహూర్తం దాటిపోతోంది, చేతిలో పాలగిన్నె ఉంది. యజమాని ఇచ్చిన జాబితాలో ‘అన్నీ బాగున్నాయి’ అన్నచోట చదవకుండా సంతకం గీకేసి, పాలు పొంగించి, ఫొటో తీసి ఊళ్ళో వాళ్ళ గ్రూపులో పెట్టాను.

రెండేళ్ళకి ఖాళీ చేసేనాటికి గాజు స్టవ్ మీద జానెడు పగులు ఉంది. పాలు పొంగించడం వల్లే పగిలిందని యజమాని డిపాజిట్టు మొత్తం ఆపేశాడు. కొత్త ఇంటికి కట్టాల్సింది ఆ డబ్బే. నాకూ లోపల అనుమానమే, నా వల్లే అయిందేమోనని. కానీ తేల్చుకోకుండా వదలదలచుకోలేదు.

చిన్న మొత్తాల తగాదాలు తీర్చే ట్రైబ్యునల్ ఒకటుంది. రెండేళ్ళకి మించని ఇంటి అద్దె గొడవలు కూడా అక్కడ వింటారు. లాయర్లని రానివ్వరు. ఆన్‌లైన్‌లో ఫారం నింపి, రుసుము కట్టి, ఒప్పందం, రసీదులు ఎక్కించాను. ముందు రిజిస్ట్రార్ ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీకి ప్రయత్నిస్తారు. యజమాని నా సంతకం చూపించాడు. మీ దగ్గర ఆనాటి ఆధారం ఏమైనా ఉందా అని రిజిస్ట్రార్ అడిగారు. వెతికి తెస్తానన్నాను. రాజీ కుదరక విచారణకి తేదీ ఇచ్చారు.

ఇంటికొచ్చి పాత మెసేజీలన్నీ తిరగేశాను. పాలు పొంగిన ఫొటో కింద మా పిన్ని పెట్టిన వాయిస్ మెసేజ్ ఉంది. “కొత్తింట్లో పొయ్యి మీద ఎంటికేటే? తుడుసుకోలేదేటి? అంత సదువు సదివేవు!” ఆ రోజు నవ్వి ఊరుకున్నాను. ఇక్కడివాళ్ళలా ప్రతి మాట చివరా ‘లా’ తగిలించే మా అమ్మాయి ఫోన్ లాక్కుని ఫొటో పెద్దది చేసింది.

“అమ్మా, అది హెయిర్ కాదు లా! క్రాక్!”

గిన్నె పక్కన, పాల నురగ ఇంకా చేరని చోట, వేలెడు పొడవున సన్నటి గీత. అదే రెండేళ్ళలో పాకి జానెడైంది. ఫొటో తేదీ మేం తాళాలు తీసుకున్న తేదీయే.

పిన్ని మాటల్ని గుర్తింపు ఉన్న అనువాదకుడి చేత ఇంగ్లిష్‌లో రాయించి, ఫొటోతో పాటు ఎక్కించాను. విచారణలో మేజిస్ట్రేట్ ముందు, గీత దగ్గర బాణం గుర్తు వేసి, ఆఫీసులో లోపం చూపించినట్టే చూపించాను. యజమాని ఫొటో దగ్గరికి తీసుకుని చూశాడు. తనూ ఆ రోజు స్టవ్ సరిగా చూడలేదని ఒప్పుకున్నాడు. డిపాజిట్టు మొత్తం తిరిగి ఇమ్మని ఉత్తర్వు వచ్చింది.

మా నాన్న ఏ కాగితమిచ్చినా వేలిముద్ర వేసేవాడు, చదవడం రాదు కనక. నాకు చదవడం వచ్చు. చదవకుండా పెట్టిన నా సంతకం కూడా వేలిముద్రే. తర్వాతి ఇంటి తాళాలు తీసుకున్నప్పుడు ముహూర్తాన్ని అరగంట ఆగమన్నాను.

ఆ రోజు కోర్టు నుంచి ట్రైన్‌లో వస్తూ రసీదు వెనక రాసుకున్న చీటీ ఇంకా ఆ కేసు కాగితాల ఫైల్లోనే ఉంది:

ఫోన్ చెయ్యాల్సినవాళ్ళు — అమ్మాయి, స్కూలు వదిలాక. కొత్త ఇంటి ఏజెంటు. ఆఫీసులో మా మేనేజరు, సెలవు ఇచ్చినందుకు. నాన్న. పిన్ని — అది ఎంటిక కాదని చెప్పాలి.