సగం కోర్టు మాది, సగం వడ్లది

రావిర్యాల దారిలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోశారు. ఆ నూగు ముక్కుకు తగలగానే నా ముందు బండివాడు తుమ్మి, తిట్టుకుంటూ పోయాడు. నాకు మాత్రం మోకాళ్లు వంచి, చేతులు రెండు పక్కలకూ చాపాలనిపించింది. బండి మీద ఉన్నాను కాబట్టి చాపలేదు. వడ్లు చూస్తే బాస్కెట్‌బాల్ గుర్తుకురావడం జబ్బే అయితే, ఇబ్రహీంపట్నంలో మా జట్టు మొత్తానికీ అది ఉంది. అంటించింది సత్తెక్క.

సత్తెక్క సర్కారు దవాఖానలో నర్సు. చదువుకునే రోజుల్లో జిల్లాకు ఆడిందట. డ్యూటీ దిగి నేరుగా కోర్టుకు వచ్చి, మెడలో విజిల్ వేసుకొని మాకు ఆట నేర్పేది. చేపలు పట్టే ఇళ్ల పిల్లలం, ప్లాట్లు అమ్మేవాళ్లం, ఆటో నడిపేవాళ్లం, అందరమూ ఆమె జట్టే. ఒకసారి కాలు మడతపడి నేను ప్రాణం పోతున్నట్టు అరిచాను. ఆమె మడమ నొక్కి చూసి, "బతుకుతవ్ లే, లెవ్" అంది. అంత గొప్ప చావు సీను ఒక్క మాటతో పాడైంది. ఎవరి నాటకాన్నైనా సూదితో పొడవడం నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

మా కోర్టుకు రెండు రింగులున్నాయి. కానీ కోతలు మొదలైతే ఊళ్లో అంత నున్నటి సిమెంటు నేల ఇంకోటి లేదు. అవతలి రింగు కింద సగం కోర్టూ వడ్లే.

"జర వడ్లు తియ్యి బాపు, ఆడుకోవాలె" అన్నాను, వాటి యజమాని పోచయ్యతో.

"నువ్వాడకుంటే దేశం ఆగుతదారా? గివి తడిస్తే నా ఇల్లు ఆగుతది."

సత్తెక్క గొడవ పెట్టుకోలేదు. మాతో బూట్లు విప్పించింది. "మావోళ్లు తిరగేస్తరు, నువ్వు కూసో బాపు" అంది. వడ్లు అడుగు దాకా ఆరాలంటే పాదాలెత్తకుండా ఈడ్చుకుంటూ నడవాలి. ఆ పనే మోకాళ్లు వంచి, చేతులు చాచి, పక్కకు జరుగుతూ చేయమంది. ఎదుటివాణ్ని అడ్డుకునే అడుగు అదేనని మాకు తర్వాత తెలిసింది. ఒళ్లు దురద మాత్రం అప్పుడే తెలిసింది.

నగరంలో జరిగే లీగులో అన్నిటికంటే కింది డివిజన్‌లో చేరాం. అక్కడి కుర్రాళ్లు "కల్లం టీమొచ్చింది" అని వెక్కిరించారు. అక్క ఆ పేరే మా బనియన్ల మీద అచ్చు వేయించింది. పేరైతే వచ్చింది, గెలుపులు రాలేదు. చివరి స్థానంలో ఉన్న జట్టును మరుసటి ఏడు రానివ్వరు. ఆ స్థానం కోసం మేమూ మహేశ్వరం జట్టూ పోటీ పడుతున్నాం. ఆఖరి మ్యాచ్ మా ఇద్దరికే పడింది. ఓడినవాళ్లు ఇంటికి.

ఆ రోజు మా వాళ్లకు పూనకం వచ్చినట్టే ఉంది. వేసిందల్లా రింగులో పడింది. సగం ఆటకు మేమే ముందున్నాం! ఎగిరాం, అరిచాం, నీళ్లు ఒకరి మీద ఒకరం చల్లుకున్నాం. సగం తర్వాత రింగులు మారతాయని అక్క ప్రతి మ్యాచ్‌లోనూ చెప్పేది. కోతల కాలమంతా ఒకే రింగుకు ఆడే మాకు అది గుర్తుండదు మరి. ఆ రోజు సంబరంలో అక్కే చెప్పడం మరిచింది.

ఆట మొదలైంది. మా పొడుగు శ్రీను బంతి అందుకొని, ఒంటరిగా ఉరికి, అందంగా వేశాడు. మా రింగులోనే. పాయింట్లు మహేశ్వరానికి. హాలంతా ఒకటే నవ్వు. వాడు తల పట్టుకొని కూలబడ్డాడు. మేం తడబడ్డాం, వాళ్లు చకచకా అందుకొని ముందుకు పోయారు. అక్క టైమవుట్ అడిగింది.

"షాట్ మంచిగుండె శ్రీనూ" అంది ముందుగా. "దిక్కు చెప్పకపోవుడు నా తప్పు." తర్వాత మా అందరి వైపు తిరిగింది. "మన రింగు కింద పోచయ్య బాపు వడ్లున్నయ్ అనుకోండ్రి. ఎవడన్న బూట్లతోని వాటి మీదికొస్తే ఊకుంటరా?"

ఊకోలేదు. పాదాలు ఈడ్చుకుంటూ, చేతులు చాచి, గోడలా నిలబడ్డాం. మహేశ్వరం వాళ్లకు దారి దొరకలేదు. నేను నోటితో కూడా అడ్డుకున్నాను: "ఓ అన్నా, వడ్లు తొక్కకు!" బంతితో వస్తున్నవాడు నిజంగానే కింద చూశాడు, శ్రీను బంతి లాక్కున్నాడు. ఈసారి సరైన దిక్కుకే ఉరికి వేశాడు. ఒక్క పాయింటు మేమే ముందు. విజిల్!

మేం ఏడుస్తూ కౌగిలించుకుంటే, అక్క శ్రీను వాచిన వేలికి పట్టీ చుడుతూ, "ఏడ్చుడు బస్సుల ఏడ్వండ్రి, ఆఖరి బస్సు పోతది" అంది. చుట్టిన పట్టీనే రెండుసార్లు విప్పి మళ్లీ చుట్టింది. ఎవరమూ గమనించనట్టు నటించాం.

మరుసటి ఏడు ఆమెకు బదిలీ అయింది. జట్టు మాత్రం ఇంకా ఆ డివిజన్‌లోనే ఉంది. పైకి పోయే దురాశ మాకు లేదు.

నేనిప్పుడు ఒక గోదాములో సూపర్‌వైజర్‌ని. మొన్న కొత్తగా చేరిన కుర్రాడు లోడంతా వేరే లారీకి ఎక్కించాడు. అందరూ చుట్టూ చేరి నవ్వుతున్నారు. నా నాలుక చివర జోకు సిద్ధంగా ఉంది. మంచి జోకే. మింగేశాను.

"మస్తు పేర్చినవ్ తమ్మీ, ఒక్క పెట్టె కదలలే" అన్నాను. "ఏ లారీయో నేను చెప్పాల్సుండె. పట్టు, దించుదాం."