తుపాకి కింద రెండు స్క్రూలు

రైఫిల్ స్క్రూలు ఊరికే వదులు కావు. ఒళ్లు దగ్గర పెట్టుకోని వాళ్ల చేతిలో పడితే అవుతాయి. ఈ మాట అనే హక్కు నాకుంది, ఎందుకంటే ఒకసారి వదులు చేసింది నేనే.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. జనగామలో డిగ్రీ చదువుతూ కాలేజీ క్యాడెట్లలో చేరాను. మాకు తుపాకి నేర్పిన మాజీ సైనికుడిది నెల్లికుదురు. రైఫిల్‌ను బోర్లా తిప్పి, ఇనుప భాగాన్ని చెక్కకు పట్టి ఉంచే రెండు స్క్రూలు చూపించేవాడు.

"ముందుదాన్ని జర, ఎనకదాన్ని జర, మల్ల ముందుదాన్ని. ఒక్కదాన్నే బిగిస్తె గుండు ఎటన్న పోతది బిడ్డా. వీటికి నూనె అంటనియ్యకు."

బిగించాక స్క్రూ తల మీది నుంచి పక్కనున్న ఇనుము దాకా గోళ్ల రంగుతో సన్నని గీత గీయించేవాడు. గీత విరిగి పక్కకు జరిగిందంటే స్క్రూ కదిలినట్టే. ఆ గోళ్ల రంగు సీసా నాదే.

మహబూబాబాద్‌లో తుపాకి కాల్చే జట్టుకు ఎంపిక పోటీ పెట్టారు. అమ్మాయిలకు ఉన్నది ఒక్కటే చోటు. ముందురోజు తుపాకి నిగనిగలాడాలని విప్పి తుడిచాను. చెయ్యి ఊరుకోక స్క్రూలకూ నూనె పట్టించాను. దాంతో పాత గీత చెరిగిపోయింది. మళ్లీ గీయడానికి బద్ధకించాను.

కాటారం వైపు నుంచి వచ్చిన ఒక పిల్లకు వాళ్ల కాలేజీ తుపాకి ఇవ్వలేదు. నా రైఫిల్‌తోనే నాకంటే ముందు కాల్చింది. ఐదు గుండ్లూ చెల్లాచెదురుగా పడ్డాయి. లేచి, సంచి భుజాన వేసుకుని గేటు వైపు నడిచింది. తర్వాత నేను కాల్చాను. నావీ అంతే.

పోటీ జరిపే అధికారి కోస్తా ఆయన. నవ్వాడు.

"గిట్ల, గట్ల అంటూ రోడ్ల మీద అరిచినంత తేలిక కాదమ్మా, గురి చూడటం."

ఒళ్లు మండిపోయింది. "నా చెయ్యి మంచిగనే ఉన్నది సార్. పొద్దుగాల మీవోళ్లు చూస్తమని తీసుకొని తుపాకి ఖరాబు చేసిన్రు. మేం గెలుస్తమనే గిది చేసిన్రు."

ఆ మాట నిజమేనని అప్పుడు నేను మనసారా నమ్మాను. మా వైపు క్యాడెట్లంతా వచ్చి నా వెనక నిలబడ్డారు.

ఆయన రైఫిల్‌ను తిప్పి స్క్రూడ్రైవర్ పెట్టాడు. ముందు స్క్రూ సగం చుట్టు తేలిగ్గా తిరిగింది. వేలికి అంటిన నూనె నాకు చూపించాడు.

"దీనికి నూనె పెట్టింది ఎవరు?"

ముందురోజు నేనే పెట్టానని అప్పుడు గుర్తొచ్చింది. నా వెనక కేకలు పెరిగాయి. గొడవ ఎందుకనుకున్నాడేమో, రెండు స్క్రూలూ బిగించి మరో ఐదు గుండ్లు ఇచ్చాడు. ఐదూ ఒక్క చోటే తగిలాయి. నన్ను ఎంపిక చేశారు.

మర్నాడు బంద్. ఆ రోజే బస్సు పట్టుకోవాలని తొందరపడ్డ ఆ కాటారం పిల్ల అప్పటికి ఇంకా మైదానం అవతల గేటు దగ్గరే ఉంది. ఇక్కడి గొడవ దేనికో అంత దూరానికి అర్థం కాదు. ఒక్క కేక వేస్తే వచ్చేది. ఆమెకూ ఐదు గుండ్లు ఇయ్యమని అడగలేదు. ఇస్తే నన్ను మించుతుందేమోనని భయం. మా భాషను వెక్కిరించిన ఆ అధికారి మీద కోపం ఈరోజుకీ తగ్గలేదు, తగ్గనవసరం లేదు కూడా. కానీ న్యాయం కావాలని గొంతు చించుకున్న నేను, నా వంతు అందగానే నోరు మూసుకున్నాను. అందుకు నన్ను నేను తిట్టుకోని రోజులు తక్కువ.

చాలా ఏళ్లకు భూపాలపల్లి బస్టాండులో ఆ కాటారం పిల్లే నన్ను గుర్తుపట్టి పలకరించింది. పక్కన కూతురు.

"గీ పెద్దమ్మ తుపాకి మస్తు కాలుస్తుండె బిడ్డా. నాకే చెయ్యి వణికింది" అని కూతురికి నవ్వుతూ చెప్పింది.

ఆమె చెయ్యి వణకలేదు. కాటారం బస్సు కదిలేదాకా ఆమె పక్కనే నిలబడి, ఆ ఒక్క మాట చెప్పలేకపోయాను.