రాజుగారి శ్రుతి

మొన్న మార్కాపురం బస్టాండులో ఒకాయన ఫోను నా ముఖం ముందు పెట్టి, "ఈ రాజు నువ్వే గదన్నా?" అన్నాడు. అందులో నిరుడు మేం వేసిన నాటకం వీడియో. అట్ట కిరీటం, పొట్ట మీద బిగిసిన వడ్డాణం, అన్నీ నావే. రాణితో కలిసి అలకపాట పాడుతున్నాను. బాగా పాడుతున్నాను. ఎంత బాగా అంటే, తెలిసినవాడికి అనుమానం రావాలి.

నేను బట్టల దుకాణంలో పెరిగినవాణ్ణి. చీర నచ్చినవాళ్ళు దానికి వంక పెడతారని, నచ్చనివాళ్ళు మెచ్చుకుని వెళ్ళిపోతారని బడికి పోకముందే మా నాయన దగ్గర నేర్చుకున్నాను. అందుకని ఎవరైనా నాతో మంచిగా ఉంటే ముందు కారణం వెతుకుతాను. ఇంటావిడ కాఫీలో చక్కెర కాస్త ఎక్కువ వేసినా సరే.

రిహార్సళ్ళు ఒక పలకల గోడౌనులో జరిగేవి. నోరు తెరిస్తే పాటకంటే ముందు పలక దుమ్ము లోపలికి పోయేది. రాణి వేషం కట్టే ఆమె కొమరోలు వైపు పల్లె నుంచి వచ్చేది. వారమంతా కూలికి పోయి ఆదివారం చర్చిలో పాడే మనిషి. హార్మోనియం మా అక్క మొగుడు, అంటే మా బావ. రాజు వేషం మీద ఆయనకూ ఆశ ఉండేది. అది నాకు దక్కింది. ఆ సంగతి నేను మరిచిపోలేదు, ఆయన మరిచిపోయినట్టు కనిపించేవాడు. నాకు అదే నచ్చలేదు.

చరణంలో ఒక పైస్థాయి ఉంది. అక్కడికి వచ్చేసరికి నా గొంతు చీలేది. దుమ్మని దగ్గి తప్పించుకునేవాణ్ణి. నాటకానికి అంగళ్ళ వీధి మొత్తం వస్తుంది. స్టేజీ మీద గొంతు చీలిందంటే, ఇక నేను ఏ కొట్లో బేరమాడబోయినా ఆ చీలిక చేసి చూపిస్తారు. ఆ దిగులులో ఉండగా, ఒక సాయంత్రం నేను గోడౌనులో అడుగు పెట్టగానే హార్మోనియం ఆగిపోయింది. రాణి పైట సర్దుకుని గోడకేసి చూసింది. బావ లేచి, "రా బామ్మర్దీ, టీ తాగుదాం" అన్నాడు. ఆయన నాకు టీ ఇప్పించడం అదే మొదలు. స్టేజీ మీద శ్రుతి పెంచి నన్ను ముంచబోతున్నారని తేల్చేసుకున్నాను.

శ్రుతి మార్చవు కదా అని బావను చుట్టు తిప్పి అడిగాను. మారిస్తే నీకేం నష్టమని నవ్వాడు. నాటకం రోజు ఎవరూ చూడకుండా హార్మోనియంలో మా శ్రుతి మెట్టు మీద బలపంతో గీత పెట్టాను. తెర లేచింది. బావ తువ్వాలుతో గీత తుడిచి వేరే మెట్టు నొక్కాడు. నేను ముందుగానే దగ్గు సిద్ధం చేసుకున్నాను.

నొక్కింది కింది మెట్టు. పాట అరటిపండు ఒలిచినట్టు సాగింది. పైస్థాయి నాకు నడుమెత్తునే అందింది. ఆ శ్రుతిలో రాణి గొంతు సగం లోపలే ఉండిపోయింది. ముందు వరసలు వన్స్‌మోర్ అని అరిచాయి. నేను కిరీటం వంచి దండం పెట్టాను. ఆ సందులో బావ శ్రుతి మార్చాడు, ఈసారి రిహార్సళ్ళలోదానికంటే పైకి. రాణి గొంతు విప్పింది. జనం ఈల వేయడం కూడా మరిచారు. నేను రాజఠీవితో ఊరికే పెదాలు కదిపాను.

తెర పడ్డాక నిలదీస్తే రాణి నెమ్మదిగానే చెప్పింది: "నీ గొంతు ఆడికి పోదని మాకు ఎరికే అన్నా. చెప్తే బేరానికి దిగుతావు. అందుకే మొదటిది నీకు, రెండోది నాకు అనుకున్నాం."

"రెండోది అడుగుతారని ఏంది నమ్మకం?"

"ముందు వరసోళ్ళంతా మా ఊరోళ్ళే గదా."

జీవితంలో నేను లేకుండా నా తరఫున కుదిరిన బేరం అదొక్కటే. ఎంత తరచి చూసినా అందులో నాకు నష్టం కనబడలేదు. బస్టాండు ఫోనులో మొదటి పాటే ఉంది. రెండోది ఎవరు కత్తిరించారో బావను అడగలేదు. ఈ యేడు మళ్ళీ నాటకమంటున్నారు, శ్రుతి ఎంతని కూడా అడగలేదు. గొంతు ఏటికేడు దిగుతూనే ఉంటుంది. పక్కనున్నవాళ్ళు చప్పుడు చేయకుండా ఒక్కో మెట్టూ కిందికి జరుగుతుంటే, దిగిన సంగతి మనకు చాలా ఏళ్ళ దాకా తెలియదు.