కాలివేళ్లు

తిరువళ్లూరులో రైలెక్కిన ఒక పిల్ల నా పక్కన కూర్చుని, ఒడిలోని పెట్టెను రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"అదేందమ్మీ?" అన్నాను.

"క్యాన్సర్ గడ్డకు మైక్రోవేవ్‌తో వేడి పెట్టే మిషనవ్వా. నేనే చేసినా. వేడి ఎక్కువైతే పేషెంటే చెప్పాల. రేపు ఆస్పత్రిలో మా అమ్మకు పెడతారు."

"చెప్తాదిలే."

"చెప్పదవ్వా. కాలినా కాల్లేదంటాది, నా మిషన్‌కు చెడ్డపేరొస్తాదని."

నేనూ అట్లాంటిదాన్నే. మగ్గం కింది గుంటలో కాలికి తేలు కుట్టినా, చీర ముగిసేదాకా నోరు విప్పలేదు.

"నోటిని నమ్మొద్దు," అని గద్దించాను. "కాలివేళ్లు చూడు. ముడుచుకుంటే ఆపించు."

ఆ పిల్ల తల వంచి నా పాదాలనే చూసింది. "నీకు యాడ నొప్పి, అవ్వా?"

"యాడా లేదు," అన్నాను.

తిరుత్తణిలో ఆ పిల్ల దిగిపోయింది. మర్నాడు వాళ్లమ్మ ఏమన్నదో తెలియదు. అప్పటినుంచి ఎవరైనా ఎదురుగా కూర్చుంటే, చీర కుచ్చిళ్లు పాదాల మీదికి లాక్కుంటున్నాను.